రవణమ్మ పెట్టిన రెండు చుక్కలు

ఏమే, మూతి అలా ముడుచుకుని గోడవైపు తిరిగావు? అన్నయ్య బ్యాటు ఇవ్వలేదా? ఆడపిల్లవి, బంతులు ఏరి ఇవ్వడమే నీ పని అన్నాడా? సరేలే, వాణ్ణి కూడా ఇటు రమ్మను. ఇద్దరికీ ఒకటే దుప్పటి, ఒకటే కథ. ఊఁ కొట్టడం మాత్రం ఇద్దరి పనీ.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో గురవయ్య అని ఒక కుమ్మరి. ఆయన భార్య తిరపతమ్మ. వాళ్ళకు ఒక కొడుకు, సాంబడు. ఒక కూతురు, రవణమ్మ. ఈ కథ రవణమ్మదే.

తెల్లారితే చాలు, ఆ ఇంట్లో అందరికీ పనే. తిరపతమ్మ ఏటికి పోయి బంకమన్ను తవ్వి, తట్టలో మోసుకొచ్చేది. రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, కూతురితో కలిసి కాళ్ళతో తొక్కేది. అప్పుడు గురవయ్య ఆ మన్ను ముద్దను సారె మీద పెట్టి తిప్పేవాడు. సారె అంటే కుండలు చేసే చక్రం. సారె మీంచి దిగిన కుండకు అడుగు ఉండదు, తెలుసా? ఆ తర్వాత తిరపతమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూసేది. అంటే సగం కుండ ఆయన చేస్తే సగం ఆవిడ చేసేది. ఊరు మాత్రం గురవయ్య కుండలు అనేది. కుండ మెడ దగ్గర గురవయ్య గోటితో మూడు గీతలు గీసేవాడు. అది ఆయన గుర్తు. తిరపతమ్మకు ఏ గుర్తూ లేదు.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు సారెను ముట్టుకోకూడదు. ఆడచెయ్యి తగిలితే ఆములో కుండలన్నీ పగిలిపోతాయట. ఆము అంటే కుండలు కాల్చే బట్టీలే. అలా పగలడం ఎవరు చూశారని మాత్రం అడక్కండి, చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా తిరపతమ్మ కాపురానికి వచ్చిన రోజు నుంచీ సారె పక్కగా వెళ్ళాల్సి వస్తే, తగులుతుందేమోనని కొంగు నడుముకి దోపుకుని వెళ్ళేది. అలా ఇరవై ఏళ్ళు.

రవణమ్మ మన్ను తొక్కుతున్నంతసేపూ నాన్న చేతులనే చూసేది. బొటనవేలు ఎక్కడ నొక్కుతున్నాడు, ఎప్పుడు తడి చేస్తున్నాడు, ఎప్పుడు వదులుతున్నాడు, అన్నీ చూసి పెట్టుకుంది. ఆ తర్వాత పెరట్లో విరిగిన బండి చక్రం ఒకటి దొరికితే, రాతి మీద పడుకోబెట్టి తిప్పడం మొదలుపెట్టింది.

సాంబడు చూసి, "ఒసేయ్, నాన్న చూస్తే చీరేస్తాడే" అన్నాడు.

"ఇది సారె కాదుగా అన్నా, బండి చక్రమేగా" అంది రవణమ్మ.

ఎంత గడుసుదో చూశారా. అలా రెండేళ్ళు చేసింది. చేసిన కుండను చేసినట్టే నలిపి మళ్ళీ మన్నులో కలిపేసేది.

అప్పుడు మునసబుగారి ఇంట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి అరివేణి కుండలు కావాలి. పెళ్ళి పందిట్లో రంగులు వేసి పెట్టే కుండలవి, మొత్తం పన్నెండు. గడువు పదిహేను రోజులు. సరిగ్గా అప్పుడే గురవయ్య ఏటిగట్టు మీద జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. వైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టి, నెల రోజులు చెయ్యి కదపొద్దన్నాడు.

ఆ కబురు విని పక్క ఊరి నుంచి గురవయ్య అన్న బసవయ్య వచ్చాడు. పరామర్శకే వచ్చాడు గానీ, మనసులో ఇంకోటి ఉంది.

"సాంబణ్ణి కూర్చోబెట్టరా తమ్ముడూ. వాడి వల్ల కాకపోతే నా కొడుకులు చేసిస్తారు. కానీ ఒకసారి వాళ్ళు చేశారంటే, ఈ ఊరికి కుండలు చేసే పని ఇంక ఎప్పటికీ వాళ్ళదే" అన్నాడు.

ఊరు చేజారితే ఆ ఇంట్లో నలుగురికీ కూడు లేనట్టే. పాపం సాంబడు సారె ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద జారిపోయి గోడకు అతుక్కుంది. రెండోది బాగానే లేచి, లేచినంత వేగంగా చతికిలపడింది. మూడోది నిలబడింది గానీ మెడ వంకర. మూతి మీద మీసం మొలుస్తున్న పిల్లాడు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు ఒక మాట అన్నాడు.

"నాన్నా, నాకు రాదు. ఎన్నాళ్ళు కూర్చున్నా రాదు. చెల్లికి వచ్చు. నేను చూశాను."

నాకు రాదు, చెల్లికి వచ్చు. వినడానికి ఎంత చిన్న మాట. అనడానికి ఎంత గుండె కావాలో. నాకైతే ఈ సాంబడంటే భలే ఇష్టం.

గురవయ్య లేచాడు. కూతురి వెనకాలే పెరట్లోకి వెళ్ళాడు. రవణమ్మ బండి చక్రం తిప్పింది. కుండ లేచాక గురవయ్య ఎడమచెయ్యి లోపలికి పెట్టి చుట్టూ తడిమి చూశాడు. గోడ అంతా ఒకే మందం. మళ్ళీ తడిమాడు. అప్పుడు లోపలికి వెళ్ళి, సారె తిప్పే కర్ర తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"కుండలు పగిలితే?" అంది తిరపతమ్మ భయంగా.

"పగిలితే ఆ మాట నేను పడతాను" అన్నాడు గురవయ్య.

ఆ తర్వాత మూడు రోజులు రవణమ్మ సారె ముందు నుంచి లేవలేదు. సాంబడు మన్ను తొక్కాడు. దారినపోయే ముసలమ్మ ఒకావిడ, "ఏరా, ఆడపని చేస్తున్నావే" అని నవ్వింది. "ఎవరి కాళ్ళో మన్నుకేం తెలుసులే అవ్వా" అని వాడూ నవ్వాడు. తిరపతమ్మ అడుగులు మూసింది. కుండలు ఆరాక రవణమ్మ మూడు గీతలు గియ్యబోతే గురవయ్య ఆపాడు. "నా గుర్తెందుకు? నీది పెట్టుకో" అన్నాడు. రవణమ్మ ప్రతి కుండ మెడ మీదా రెండు చుక్కలు గుచ్చింది.

ఆము విప్పే రోజు వచ్చింది. రవణమ్మ సారె ముట్టిందన్న కబురు విని పొద్దున్నే బసవయ్య దిగాడు. రవణమ్మకు ఒకటే దిగులు. పగిలితే తనను కాదు, నాన్నను అంటారు. ఒక కుండ తీసి కొట్టి చూశారు, ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మూడోదీ అంతే. అలా పన్నెండూ బయటికొచ్చాయి. అప్పుడు బసవయ్య వంగి బూడిదలోంచి ఇంకోటి లాగాడు. నిలువునా పగిలి ఉంది.

"ఇదిగో, చూశారా? ఆడచెయ్యి పడింది, పగిలింది" అన్నాడు.

సాంబడు బుర్ర గోక్కున్నాడు. "పెదనాన్నా, అది నాది. ఆ వంకర మెడది. పారెయ్యబుద్ధి కాక ఆములో ఒక మూల పెట్టాను."

నవ్వకండి, నవ్వితే నిద్ర పారిపోతుంది. బసవయ్య మాత్రం నవ్వలేదు. అంతలో మేళం వినిపించింది. కుండలు తీసుకెళ్ళడానికి పెళ్ళివారి ఆడవాళ్ళు వచ్చారు. ముందు మునసబుగారి తల్లి పేరిందేవమ్మ. ఆవిడంటే మునసబుగారికే హడల్. బసవయ్య ఎదురెళ్ళి, "అమ్మగారూ, ఈ కుండలు పెళ్ళికి పనికిరావు. ఆడపిల్ల సారె ముట్టుకుంది" అన్నాడు. రవణమ్మ తల దించేసుకుంది.

పేరిందేవమ్మ నేరుగా సారె దగ్గరికి వెళ్ళింది. కుండలు ఎత్తే ముందు సారెకు పసుపు రాయడం పెళ్ళివారి ఆనవాయితీ. ఆవిడ పసుపు రాసింది. వెనక వచ్చినవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు రాసి బొట్లు పెట్టారు. అప్పుడు ఆవిడ తన చేతిని చూసుకుంటూ ఆగిపోయింది.

"బసవయ్యా, ఇప్పుడు సారెను ఎంతమందిమి ముట్టుకున్నాం?"

"ఎనిమిది మంది, అమ్మగారూ."

"మేము ఆడవాళ్ళం కాదా?"

బసవయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రతి పెళ్ళికీ వచ్చి ముట్టుకుంటూనే ఉన్నాం. ఏ కుండా పగల్లేదు. అరవై ఏళ్ళుగా పసుపు రాస్తున్నాను, నాకూ ఈ సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు చూడు" అంది ఆవిడ. ఆ తర్వాత ఒక కుండ ఎత్తి, "ఈ రెండు చుక్కలేమిటే పిల్లా?" అంది.

రవణమ్మ తలెత్తింది. "ఒకటి నాదండీ. ఒకటి మా అమ్మది. అడుగు మూసింది మా అమ్మే."

తిరపతమ్మ గిరుక్కున అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గురవయ్య కట్టు కట్టిన చేత్తోనే నిటారుగా నిలబడ్డాడు, తనకేదో బిరుదు ఇచ్చినట్టు. ఆ రోజు ఊరి మధ్యలోంచి మేళంతో కుండలు వెళ్తుంటే జనం వాకిళ్ళలోకి వచ్చి, ఇవి రవణమ్మ చేసిన కుండలు, తిరపతమ్మ చేసిన కుండలు అని చెప్పుకున్నారు. చెప్తుంటే నాకే ఒళ్ళు పులకరిస్తోంది, ఇదిగో చూడు.

అందరూ వెళ్ళాక తిరపతమ్మ వాకిలి ఊడ్వబోయింది. సారె పక్కకు రాగానే, అలవాటు కదా, కొంగు తీసి నడుముకి దోపుకుంది. రవణమ్మ వచ్చి ఆ కొంగు లాగేసి, అమ్మ చెయ్యి పట్టుకుని సారె ముందు కూర్చోబెట్టింది. గురవయ్య ఎడమచేత్తో కర్ర అందుకుని సారె తిప్పాడు. సాంబడు మన్ను ముద్ద పెట్టాడు. తిరపతమ్మ చేతులు ఆనించింది. లేచింది ఒక కుండ, మెడ వంకర, నడుము వంకర, అచ్చం సాంబడి కుండే. అందరికంటే ముందు ఆవిడే పకపకా నవ్వింది.

దాన్ని నలపనివ్వలేదు గురవయ్య. జాగ్రత్తగా కాల్చి, వంటింట్లో ఉప్పు పోసి పెట్టుకున్నాడు. దాని మెడ మీద ఒక్కటే చుక్క. తిరపతమ్మ మళ్ళీ ఎప్పుడూ కొంగు దోపుకోలేదు.

ఏరా, రేపు బ్యాటు ముందు ఎవరికి? చెల్లికా? మరి బంతులు నువ్వు ఏరతావా? ఊఁ అన్నావు, నేను విన్నాను. దుప్పటి సరిగ్గా కప్పుకోండి ఇద్దరూ.

గిర్రున గిర్రున సారె తిరిగింది,
తల్లీ కూతుళ్ళ చేతిలో మన్ను పెరిగింది.
కుండేమో ఎక్కింది పొయ్యికి, కథేమో నడిచింది కంచికి,
అన్నా చెల్లీ కలిసి పదండి నిద్రమ్మ ఇంటికి.