దివాలా కోసం దేశం మారిన వర్తకుడు

అనగా అనగా, ఓడలకు గాలే దారి చూపే రోజుల్లో, మొగలిరేవు అనే పట్నంలో తిప్పనశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అద్దకం బట్టలు కొని, ఓడకెత్తి, దూరదేశాల్లో అమ్మేవాడు. అతని మాటంటే రేవులో అందరికీ గురి.

ఒక ఏడాది తుపానుకు అతని ఓడ మునిగిపోయింది. ఇల్లు అమ్మినా తీరనంత అప్పు మిగిలింది. సాలెపెద్ద వీరన్నకు బట్టల బాకీ. ఓడ కట్టిన పోలయ్యకు కూలి బాకీ. పుల్లమ్మ అనే ముసలామె తన బంగారు కడియాలు తాకట్టు పెట్టి ఇచ్చిన సొమ్మూ బాకీయే.

ఆ రాజ్యంలో దివాలా తీసినవాడు నిండుసభలో నిలబడి, అప్పులవాళ్ల ఎదుట ఉన్నమాట చెప్పాలి. ఆపైన ఏళ్ల తరబడి సంపాదనలో సగం వాళ్లకే ఇవ్వాలి. ఏటి అవతల హేమగిరి రాజ్యంలో చట్టం మెత్తన. ఏడాదిపాటు అక్కడ కాపురం ఉన్నవాడి అప్పులన్నీ ధర్మాధికారి ఒక్కమాటతో కొట్టేసేవాడు.

తిప్పనశెట్టికి అప్పుకన్నా ఆ సభే భయమైంది. భార్య అక్కమాంబ వద్దంది. కష్టం వచ్చిందని చెబితే నలుగురూ వింటారని, చెప్పకుండా పోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని నచ్చజెప్పింది. అతను వినలేదు. ఎవరికీ చెప్పకుండా ఆమెను వెంటబెట్టుకుని పడవెక్కాడు.

హేమగిరిలో అద్దె ఇంట్లో ఉంటూ గిడ్డంగిలో మూటలు మోయించే పని చేశాడు. మొగలిరేవు మనిషి సంతలో కనబడితే పక్కసందులోకి తప్పుకునేవాడు. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పేవాడు.

ఏడాది నిండింది. ధర్మాధికారి అతని మనవి విని, అక్కడి పద్ధతి ప్రకారం అప్పులవాళ్లకు కబురు పంపాడు. ముగ్గురూ ఏరు దాటి వచ్చారు.

ఇతను కాపురానికి రాలేదు, మమ్మల్ని ముంచడానికే వచ్చాడని వీరన్న కోపగించాడు. వడ్రంగులకు కూలి ఇవ్వడానికి ఉన్న పొలం అమ్ముకున్నానని చెప్పి పోలయ్య తలవంచుకున్నాడు. ఇద్దరికీ ఏం బదులు చెప్పాలో తిప్పనశెట్టి ముందే ఆలోచించుకున్నాడు. తడబడకుండా చెప్పాడు.

పుల్లమ్మ మాత్రం అతన్ని తేరిపార చూసింది.

"ఉన్నావా నాయనా. కబురు వచ్చినా నమ్మలేకపోయాను. ఓడ పోయిన దిగులుతో సముద్రంలో పడ్డావన్నారు. నా సొమ్మే నీ ప్రాణం తీసిందేమోనని ఏడాదిగా నాకు కంటిమీద కునుకు లేదు" అంది.



అప్పుడు ధర్మాధికారి, "గడువు నిండింది కనుక నీ అప్పులు కొట్టేయవచ్చు. ఒక్క మాట చెప్పు. నువ్వు ఇక్కడికి బతకడానికి వచ్చావా, దాక్కోవడానికి వచ్చావా?" అని అడిగాడు.

బతకడానికే అంటే అప్పులు పోతాయి. తిప్పనశెట్టి పుల్లమ్మ వైపు చూశాడు.

"దాక్కోవడానికే వచ్చానయ్యా" అన్నాడు. మనవి వెనక్కి తీసుకున్నాడు.

మొగలిరేవుకు తిరిగి వచ్చి నిండుసభలో నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. వీరన్న వడ్డీ వదిలేశాడు. పుల్లమ్మ తన వంతు ఆఖరున ఇమ్మంది. పోలయ్య మాత్రం తనకు రావలసింది పుచ్చుకున్నాడే గాని, అతనితో మళ్లీ మాట్లాడలేదు.

బాకీలన్నీ తీరేసరికి తిప్పనశెట్టి జుట్టు నెరిసింది. మళ్లీ ఓడ కొనలేకపోయాడు. అయితే ఆ రేవులో వర్తకుల మధ్య ఏ తగవు వచ్చినా, తీర్పు చెప్పమని అతని గడపకే వచ్చేవారు.

సొమ్ము పోగొట్టుకున్నవాడు ఏ దేశంలోనైనా తలెత్తుకు బతకగలడు. నమ్మినవాళ్లకు ముఖం చాటేసినవాడికి ఏ దేశంలోనూ నిలువనీడ ఉండదు.