రెడ్డెమ్మ మలుపు

"జారని టైరు ఏదో చెప్పండి సార్. దాన్నే వేసుకుంటా. అప్పుడు దిగుతా."

హార్స్‌లీ కొండ కింద టీ అంగడి ముందర రెడ్డెమ్మ దస్తగిరి సార్‌ని అడిగిన మాట ఇది. అడిగేటప్పుడు సార్ మొగం చూడలేదు. తన సైకిల్ ముందు చక్రాన్నే చూస్తా ఉండింది.

దస్తగిరి సార్ మాకు సైకిల్ రేసు నేర్పిన గురువు. అరవై దాటిన సన్నపాటి మనిషి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడు. మనం ఏదన్నా అడిగితే ముందు గ్లాసులో టీ అయిపోవాల, తర్వాత చైను తుడుచుకోవాల, ఆ తర్వాత మనసైతే జవాబు. ఆ పొద్దు టీ తాగినాడు, చైను తుడుచుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు.

"పైకి పోదాం పదమ్మా" అన్నాడు. అంతే.

రెడ్డెమ్మకు ఎక్కడమంటే లెక్కే లేదు. టమోటా తోటల్లో గంపలు మోసిన కాళ్లు ఆమెవి. ఎక్కుడులో మేం మగపిల్లోళ్లం ఆమె వెనక చక్రం కూడా చూడలేం. ఆమె కష్టమంతా దిగుడులోనే. అది కూడా పుట్టుకతో వచ్చింది కాదు, పోయిన వానల్లో వచ్చింది.

ఆమె పడిన పొద్దు తుంపర. రోడ్డు తడి. లోయ పక్కనుండే పెద్ద మలుపులో రెడ్డెమ్మ ముందు చక్రం సర్రున జారింది. మనిషి ఒక పక్క, సైకిల్ ఒక పక్క. జారుకుంటా పోయి అంచులోని పిట్టగోడకు తగిలి ఆగింది. ఆ గోడ అక్కడ కొంత విరిగిపోయి ఉంది. ఆ సందులోంచి తల బయటికి వచ్చి కింద లోయ మొత్తం కనపడిందంట. భుజం ఎముక విరిగింది. పండగలన్నీ చేతికట్టుతోనే గడిచిపోయినాయి.

మా నోళ్లకు అడ్డూ అదుపూ ఎప్పుడుంది గనక? ఆ మలుపుకు 'రెడ్డెమ్మ మలుపు' అని పేరు పెట్టేసినాం. మొదట్లో తనూ నవ్వేది. కట్టు విప్పి మళ్లీ కొండెక్కిన రోజున ఆ నవ్వు పోయింది. ఎప్పటిలాగే అందరికంటే ముందు పైకి చేరింది. దిగేటప్పుడు మాత్రం సైకిల్ చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. అడిగితే బ్రేకు సరిగా పట్టడం లేదంది. ఇంకో రోజు కడుపు నొప్పంది. ఆ తర్వాత అన్ని సాకులూ వదిలేసి టైర్ల మీద పడింది.

మా సైకిళ్లకు ట్యూబులుండవు. టైరు లోపల పాలలాంటి తెల్లటి మందు పోస్తాం. ముల్లు దిగితే ఆ పాలే వచ్చి చిల్లిని పూడ్చేస్తాయి. ఏ కంపెనీ టైరు తడిలో ఎంత పట్టుకుంటుంది, ఏది ఎన్నాళ్లు మన్నుతుంది, ఏది ముల్లుకు ఆగుతుంది, రెడ్డెమ్మ ఫోన్లో చదవని ముక్క లేదు. చదివినప్పుడల్లా కొత్త టైరు. తమాషా ఏమంటే, కొత్త టైరు పైన అచ్చు నుంచి వచ్చిన నున్నటి పూత ఒకటి ఉంటుంది. కొన్నాళ్లు రోడ్డు మీద తిరిగితే గానీ అది పోదు. అది పోయేలోగా ఈమె ఇంకో టైరు మార్చేసేది. జారుతుందనే భయంతో ఎప్పుడూ జారే టైరు మీదే ఉండింది పాపం.

ఆదివారం సెలక్షన్ రేసు. కొండెక్కి, దిగి, కింద గీత దాటాల. మా జట్టు తరఫున దానికి ఎవరు పోతారో సార్ మేం కొండెక్కే ఆ పొద్దు సాయంత్రమే చెప్పాల. "దిగని పిల్లను పంపలేనమ్మా" అని ముందే చెప్పేసినాడు. రెడ్డెమ్మ వాళ్ల నాయన కూడా తెగేసి చెప్పినాడు, ఈసారి కాకుంటే సైకిల్ అమ్మేసి ఇంటికి వచ్చెయ్ అని. కాబట్టి ఆ పొద్దు దిగడమంటే దిగడమే. లేదంటే ఆమెకు సైకిల్ అనేది అక్కడితో సరి.

పైకి చేరేసరికి తుంపర మొదలైంది. దేవుడికి కూడా ఆ పొద్దే దొరికింది మరి. నీలగిరి చెట్లలోంచి పొగమంచు రోడ్డు మీదికి దిగతా ఉంది. రెడ్డెమ్మ పెదాలు తెల్లగా అయిపోయినాయి.

మా జట్టులో ఒక అలవాటుంది. కొండ దిగే ముందు ఎవరి టైరు వాళ్లు చూసుకోకూడదు. పక్కవాళ్లు వచ్చి బొటనవేలితో నొక్కి చూసి సరే అనాల. అప్పుడే సైకిలెక్కాల. అది సార్ పెట్టిన పద్ధతి. ఎందుకు పెట్టినాడో మేమెవరమూ అడగలేదు. నేను రెడ్డెమ్మ చక్రం దగ్గరికి పోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాది చూసుకున్నాలేన్నా."

"నువ్వు చూసుకుంటే ఎట్లమ్మే? నన్ను నొక్కనీ."

"చూసుకున్నా అంటా ఉండానా!"

కసిరిందంటే కసిరింది. అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది, కట్టు విప్పినప్పటి నుంచీ ఆమె చక్రం మీద ఎవరి చెయ్యీ పడలేదు. సార్ వచ్చినాడు. సార్‌కు అడ్డం పెట్టలేక చెయ్యి తీసింది. సార్ బొటనవేలు టైరు మీద పెట్టి నొక్కినాడు. టైరు ఇంత కూడా లోపలికి పోలేదు. రాయి.

"ఎంత కొట్టినావు గాలి?"

సార్ వెనక టైరు కూడా నొక్కినాడు. అదీ రాయే.

"ఎందుకమ్మా ఇంత?"

"గట్టిగా ఉంటే ముల్లు దిగదు సార్" అంది. "మెత్తగా ఉంటే... మలుపులో రిమ్ము నుంచి ఊడొస్తాదేమో అని. పొద్దున ఒకసారి కొట్టినా. టీ అంగడి దగ్గర మీరు చూడనప్పుడు మళ్లీ కొట్టినా."

తడి రోడ్డు మీద రాయిలాంటి టైరు నేలను పట్టుకోదని నిన్నగాక మొన్న చేరినోడికి కూడా తెలుసు. ఆమెకు తెలియదా? తెలుసు. కానీ పంపు చేతిలోకి వస్తే ఆపుకోలేకపోయింది.

సార్ వాల్వు మూత తిప్పి గాలి వదిలినాడు. స్‌స్‌స్ అని శబ్దం వచ్చింది. రెడ్డెమ్మ గబాల్న సార్ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు సార్! చాలు సార్!"

మా జట్టులో సార్ చెయ్యి పట్టుకున్న మనిషి అంతవరకూ లేదు. సార్ ఆ చేతిని అట్లనే ఉండనిచ్చి, ఇంకో చేత్తో గాలి వదులుతానే ఉన్నాడు. వెనక టైరుదీ వదిలినాడు. తర్వాత లేచి రోడ్డు పక్క కంపలోంచి పొడుగాటి ముల్లు ఒకటి విరిచి తెచ్చినాడు. మేం చూస్తా ఉండగానే ముందు టైరు నడిమధ్యలో కసుక్కున గుచ్చి పీకేసినాడు.

రెడ్డెమ్మ అరిచిన అరుపుకు చెట్ల మీది కోతులు దూకి పారిపోయినాయి.

చిల్లిలోంచి తెల్లటి పాలు బుసబుస పొంగినాయి. సార్ చక్రాన్ని గిర్రున తిప్పినాడు. చిన్న చుక్క ఒకటి కారింది, ఆగిపోయింది. వేలితో తుడిస్తే కింద రబ్బరు పొడిగా ఉంది. "చూడమ్మా" అన్నాడు. రెడ్డెమ్మ చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

ఆమె కళ్లు తెరిచేసరికి సార్ ఆమె సైకిల్ ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరి ఎత్తూ ఒకటే కాబట్టి ఆయనకు ఇబ్బంది లేకపోయింది.

"సార్, ఏం చేస్తా ఉండారు? ఆ టైరు మీద వద్దు సార్!"

"కింద ఉంటా" అన్నాడు. తడి రోడ్డు మీద జర్రున దిగిపోయినాడు. మొదటి మలుపు తిరిగినాడు, పొగమంచులో కలిసిపోయినాడు.

మేమందరం కొయ్యబారిపోయినాం. పెద్దాయన, వాన, అప్పుడే పొడిచిన టైరు.  "నేను వెనకాల పోతా" అని కదిలినా. అప్పటికే రెడ్డెమ్మ సార్ సైకిల్ పట్టుకుంది.

ఆ సైకిల్ టైర్లను చూస్తే ఎవరికీ ఎక్కబుద్ధి కాదు. ముళ్లు దిగి పూడిన మచ్చలు, పెద్ద గాటు పడిన చోట దూర్చిన రబ్బరు ముక్క, అరిగి మాసిపోయిన నలుపు. "ఈ టైర్ల మీద పైసా ఇచ్చినా ఎక్కను" అని నవ్వినదీ ఈ రెడ్డెమ్మే. ఇప్పుడు వాటి వంక చూడను కూడా చూడలేదు. ఎక్కింది, పోయింది.

ఆ తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నదే. 

మొదటి మలుపు వచ్చేసరికి నోరు ఎండిపోయిందంట. బ్రేకుల మీద వేళ్లు కొయ్యల్లా బిగుసుకున్నాయంట. పడతా, పడతా, ఇప్పుడు పడతా అని లోపల ఒకటే రొద. దేవుళ్లందరికీ మొక్కేసింది. భయం తగ్గిందేమో అనుకుంటారు మీరు. అదేం లేదు. పోయిన వానల్లో కంటే ఎక్కువే వేసింది, ఎందుకంటే అప్పుడు పడతానని తెలియదు, ఇప్పుడు తెలుసు.

కానీ ఇంకొకటి తెలిసింది. సార్ టైర్ల కింద రోడ్డు తెలుస్తా ఉంది. ఇక్కడ గరుకు, ఇక్కడ ఇసక, ఇక్కడ ఆకు మీద నీళ్లు అని అరచేతులకు తెలుస్తా ఉంది. తన టైర్ల మీద చక్రం ఎగిరెగిరి పడేది గానీ ఇట్ల ఎప్పుడూ తెలియలేదంట.

తన మలుపు వచ్చింది. విరిగిన గోడ అట్లనే ఉంది. అక్కడ సార్ పడి ఉంటాడని ఆమెకు గట్టి నమ్మకం. ఆ సందులో గుడ్డ కనపడుతుందా, చక్రం కనపడుతుందా, రోడ్డు మీద గీసుకుపోయిన గుర్తుందా అని కళ్లు అటే వెతుకుతా ఉన్నాయి. ఏమీ లేదు. తడిసిన గోడ, దాని వెనక తెల్లటి మంచు, అంతే. ఏమీ లేదు అనుకునేసరికి మలుపు వెనక్కి పోయింది.

సైకిల్ ఎట్ల వంచిందో, బ్రేకు ఎక్కడ వదిలిందో ఇప్పటికీ చెప్పలేదు. మేము చాలాసార్లు అడిగినాం.

కింద కల్వర్టు గట్టు మీద సార్ కూర్చుని ఉన్నాడు. ఆమె సైకిల్ పక్కన ఆనించి ఉంది. రెడ్డెమ్మ దిగీ దిగకముందే ఏడుపు లంకించుకుంది. ఏడుస్తానే తిట్లు మొదలుపెట్టింది.

"ఏం మనిషి సార్ మీరు! పడి ఉంటారనుకున్నా! గోడ కింద లోయలోకి పోయుంటారనుకున్నా! మీ ఇంట్లో అమ్మకు ఏం చెప్పాల నేను?"

సార్ హెల్మెట్ పట్టీ విప్పుకోవాలని చూస్తా ఉన్నాడు. గడ్డం కింద ఆ చిన్న క్లిప్పు దొరకడం లేదు. వేళ్లు దాని మీదికి పోతాయి, జారతాయి, మళ్లీ పోతాయి. రెడ్డెమ్మ తిట్లు ఆపేసింది. ఆ చేతులు వణుకుతా ఉన్నాయి. చలికి వణికే వణుకు కాదు అది. ఆ వణుకు ఆమెకు బాగా తెలిసిందే.

దగ్గరికి పోయి తనే క్లిప్పు విప్పింది. హెల్మెట్ తీసి పక్కన పెట్టింది.

"మీక్కూడానా సార్?"

"ఊఁ."

"ఈ పొద్దేనా?"

"దిగిన ప్రతిసారీ."

రెడ్డెమ్మ గట్టు మీద ఆయన పక్కనే కూలబడింది. తుంపర ఆగింది. పైనుంచి మేము ఒక్కొక్కళ్లమే దిగి వస్తా ఉన్నాం. మమ్మల్ని చూసి కళ్లు తుడుచుకుంది. సైకిళ్లు ఆనించి మేము కూడా అక్కడే నిలబడినాం. 

సార్ లేచినాడు. తన పాత సైకిల్ అందుకుని ఆమె సైకిల్‌ని ఆమె వైపు జరిపినాడు.

"సాయంత్రం నీ పేరే చెప్తా ఉండా" అన్నాడు.

రెడ్డెమ్మ మొగం మళ్లీ తెల్లగా అయిపోయింది.

"ఆదివారం పైన నిలబడినప్పుడు మళ్లీ భయమేస్తే ఏం చేయాల సార్?"

"వేస్తాది. వేయనీ" అన్నాడు సార్. "దాన్ని టైరులోకి మాత్రం కొట్టకు."