తూము చుట్టూ ఎర్రమట్టి

అదొక చిన్న కోట. రాజుగారి పసిబిడ్డ కడుపులో ఏలికపాములు పడ్డాయి. "దాది చేతి మురికి వల్లే," అని ఆస్థాన వైద్యుడు తేల్చేశాడు. రెండేళ్లు గోరుముద్దలు తినిపించిన పైడక్కని కోట బయటికి పంపేశారు. రోజూ బిడ్డ తినే వేళకి ఆమె అన్నం కలిపి, పెట్టే నోరు లేక ముద్ద చేతిలోనే పట్టుకు కూచునేది.

మూడు నెలలైనా బిడ్డకి నయం కాలేదు. పైడక్క ఉండబట్టలేక కోటకొచ్చింది.

"మరుగుదొడ్డి తూము చుట్టూ ఎర్రమట్టి పొడి చల్లించండి దొరా. రేపు చూద్దాం," అంది. వైద్యుడు నవ్వాడు. రాజు మాత్రం చల్లించాడు.

తెల్లారి చూస్తే తూము నుంచి వంటింటిదాకా బొద్దింకలు నడిచిన ఎర్రటి జాడలు. బిడ్డ పాలగిన్నె అంచు మీదా అవే. మూత పెట్టని వైద్యుడి లేహ్యం జాడీలోనూ అవే. ఆ లేహ్యమే రోజూ బిడ్డకి నాకిస్తున్నారు.

"మూడు నెలలుగా నా చెయ్యి కోట బయటే ఉంది గదా దొరా. మరి దొడ్లో మురికి బిడ్డ నోటిదాకా ఎవరు మోశారో వైద్యులవారినే అడగండి," అంది పైడక్క.

వైద్యుడు జాడీకి మూత వెతుక్కుంటున్నాడు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"చెంబెడు నీళ్లిప్పించండి, చేతులు కడుక్కుంటాను. బిడ్డ అన్నం వేళయింది."