ఎర్నమ్మ గోడ

ఇది రాజుల కథ కాదు, మట్టి పిసికిన మనిషి కథ. కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండ కింద ఎర్నమ్మ అనే ఆవిడ ఉండేది. గోడలకు మట్టి మెత్తడం ఆమె పని. మెత్తేది, అలికేది, కూలి గింజలు కొంగున కట్టుకుని ఇంటికి పోయేది.

ఆ సీమ దొర మంచివాడే. పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ ఒక వైద్యశాల కట్టించాడు. నల్లరాతి గోడలు, నల్లరాతి కప్పు, ఒకటే తలుపు. కిటికీ మాత్రం ఒక్కటీ లేదు. ఆ సీమలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనేవారు మరి. గాలి తెచ్చిన రోగానికి గాలి చొరని ఇల్లే మందని పెద్దలంతా కూర్చుని తేల్చారు. వాళ్ళ తెలివి అలా ఏడ్చింది.

మొదటి వేసవి వచ్చింది. రాయి కాగింది, రోగులు ఉడికిపోయారు. కప్పు మీద నీళ్ళు పోయించారు, తోట బావి ఎండింది. రెండో వేసవి వచ్చింది. రాయి కాగింది, రోగులు ఉడికిపోయారు. కప్పు మీద నీళ్ళు పోయించారు, వీధి బావి ఎండింది. మూడో వేసవి వచ్చింది. రాయి కాగింది, రోగులు ఉడికిపోయారు. ఈసారి వైద్యశాల బావిలోనే కడవ మునగడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఎర్నమ్మ కూతురు నూకాలు ఒళ్ళెరగని జ్వరంతో లోపల పడి ఉంది. వైద్యుడు శరభయ్య బయటికొచ్చి, కషాయం కాచడానికి నీళ్ళు లేవనీ, మూడు రోజుల్లో వైద్యశాల మూసేస్తాననీ చెప్పాడు. ఇంకో వైద్యుడు కావాలంటే కొండ దాటి నాలుగు రోజులు డోలీ మొయ్యాలి. పిల్ల అన్నాళ్ళు ఆగదని ఎర్నమ్మకు తెలుసు. గోడకు చెయ్యి ఆనించింది. చెయ్యి చుర్రుమంది. ఆమె ఆ గోడను కిందనుంచి పైదాకా చూసింది.

"బాబూ, ఆ మూడు రోజులూ ఈ ఇల్లు నాకొగ్గెయ్యండి," అంది.

"నువ్వేం చేస్తావమ్మా?"

"నాకు వైద్దిగం రాదు బాబూ, గోడలొచ్చు. మీరు పిల్లకి మందెయ్యండి, నాను ఈ ఇంటికేస్తాను."

మొదటి రోజు ఆమె అరచేయి తడుపుకుని ఇంటి చుట్టూ తిరిగింది. గాలికి చెయ్యి చల్లబడిన చోటల్లా బొగ్గుతో గీత గీసింది. గీసిన చోట కింద ఒక రాయి, ఎదుటి గోడలో పైన ఒక రాయి ఊడబెరకమంది. గాలి సోకి రోగులు పోతారని శరభయ్య అడ్డుపడ్డాడు.

"లోపల గాలి నేకే పోతన్నారు బాబూ. మా గొడ్లసాలకే గాలొదులుతాం. మనుషులకొదల్లేమా?"

శరభయ్య పక్కకు తప్పుకున్నాడు. రాళ్ళు ఊడాయి.

రెండో రోజు మట్టీ ఊకా పేడా కలిపి, ఎండ కొట్టే పడమటి గోడకు బయటనుంచి జానెడు మందాన మెత్తింది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయకుండా పట్టించి, వాటితోనే మట్టి పిసికింది. మూడో రోజు కప్పు మీద దట్టంగా తాటాకు పరిచింది. ఇక కప్పు మీద చుక్క నీరు పొయ్యొద్దని చెప్పింది. అలా మిగిలిన ఊటతో సాయంత్రానికి బావిలో కడవ మునిగింది. శరభయ్య కషాయం కాచాడు.

నూకాలుకు చెమట పట్టింది. జ్వరం దిగింది. కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తంది," అంది.

ఎర్నమ్మ మూడు రోజులు దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, గంజి కాయడానికి లేచింది. హమ్మయ్య, మీరూ ఊపిరి పీల్చుకోండి.

తన నల్లరాతికి పేడ మెత్తారని విని దొర కస్సుమంటూ వచ్చాడు. తిట్టడానికి లోపలికి పోయి కాసేపు కూర్చున్నాడు. కూర్చున్నవాడు కునికాడు. పశువులు ఇళ్ళకు మళ్ళే వేళకు లేచి, ఆ మట్టి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దని ఆజ్ఞ వేసి పోయాడు.

ఆ తర్వాత ఏటేటా వానలకు ముందు ఎర్నమ్మే ఆ గోడ మెత్తేది. ముసలిదై, ఆ గాలి వచ్చే చోటే మంచమేయించుకుని, హాయిగా కన్నుమూసింది. ఆ ఏడు గోడ మెత్తే దిక్కు లేక, తొలి వానకే మట్టి పెళ్ళలుగా రాలి రాయి బయటపడింది.

నూకాలు గంపెడు మట్టి తెచ్చింది. తల్లిలా మెత్తడం ఆమెకు రాదు. రాకపోయినా గుప్పెడు తీసి గోడకు కొట్టింది. అది చూసి, అక్కడ రోగం తగ్గి బతికినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మనిషికో గుప్పెడు కొట్టారు. పొద్దు వాలేసరికి రాయి కనబడలేదు, గోడ నిండా చేతుల అచ్చులే. వాటిని ఎవరూ నున్నగా అలకలేదు.

ఇప్పటికీ ఆ సీమలో రోగం తగ్గినవాళ్ళు గుప్పెడు మట్టి ఆ గోడకు పెట్టందే ఇంటికి బయల్దేరరు. చంటిపిల్లలైతే తల్లులు వాళ్ళ చెయ్యి పట్టుకుని పెట్టిస్తారు. ఇంటి దగ్గర రోగం తగ్గిందా అని ఎవరూ అడగరు. గుమ్మంలో నిలబడి ఒక్కటే అడుగుతారు:

"ఎర్నమ్మ గోడకి సెయ్యేసొచ్చినావా?"

ఆఁ అంటే చాలు, లోపల పొయ్యి మీద అన్నానికి ఎసరు పెడతారు.