ఐదేళ్ళ అనుభవం

ఒకానొక రాజ్యంలో అంటే ఏ రాజ్యమని మాత్రం అడక్కండి. పేరు చెబితే నా పీకకి చుట్టుకుంటుంది. దాన్ని ఏలేవాడు గజకేసరి మహారాజు. ఏనుగునీ సింహాన్నీ కలిపి పేరులో పెట్టుకున్నాడు గానీ, బల్లి కనిపిస్తే మంచమెక్కి అరిచేవాడు.

ఒకనాడు కొత్త వంటవాడు పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాడు. రాజుగారు ఒక్క ముద్ద నోట పెట్టి, తూ అని ఉమ్మి, ఎంగిలి చేత్తోనే శాసనం చేసేశారు.

"ఇకమీదట రాజకొలువులో ఐదేళ్ళు అదే పని చేసిన అనుభవం ఉంటేనే ఎవడికైనా నా కోటలో పని!"

"ఆహా, ఏమి దూరదృష్టి!" అన్నాడు మంత్రి గుండనామాత్యుడు. రాజుగారు తుమ్మినా ఆయన ఆ మాటే అంటాడు లెండి.

నెల తిరిగేసరికి కోటలో సగం కొలువులు ఖాళీ. కోట బయట పనికోసం వచ్చినవాళ్ళు బారులు తీరారు. మంత్రి మాత్రం సభలో తల పంకించి, "మన రాజ్యంలో పనులకేం కొదవ లేదు ప్రభూ, పనికొచ్చే మనుషులే లేరు" అన్నాడు.

ఇలా ఉండగా రాజుగారి పల్లకీ మోసే నాగన్నకి మోకాళ్ళు పట్టేశాయి. అతని కొడుకు ఓబులేసు ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. ఇంట్లో పొయ్యి వెలిగి రెండ్రోజులైంది. తండ్రి స్థానంలో తనని పెట్టుకోమని మంత్రి దగ్గరికి వెళ్ళాడు.

"రాజుగారి పల్లకీ ఎన్నేళ్ళు మోశావోయ్?"

"ఇంకా మోయలేదు దొరా. పనిస్తే మోస్తా."

"ముందు మోసి ఉంటేనే పనిస్తాం."

"పనిస్తేనే గదా దొరా మోసేది?"

"ఎదురు మాటలా? ఫో అవతలికి!"

ఓబులేసు కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే సూరప్ప ఎదురయ్యాడు. రాజుగారి పక్కనే తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడి, అడిగినప్పుడల్లా తాంబూలం చుట్టిచ్చే అడపకాడు అతను. సంగతంతా విని, "పున్నమి దాకా ఓపిక పట్టు. నేనున్నాగా" అన్నాడు.

మర్నాడు రాజుగారు ఊరేగింపుకి బయల్దేరారు. ముందు నలుగురు, వెనక ముగ్గురు. పల్లకీ ఓ పక్కకి ఒరిగింది. రాజుగారూ ఒరిగారు. కిరీటం జారి కంటిమీద పడింది. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"ఏమిట్రా ఈ మోత?" అని అరిచారు రాజుగారు.

"అనుభవమున్న ఎనిమిదోవాడు దొరకలేదు ప్రభూ," అన్నాడు పక్కన నడుస్తున్న సూరప్ప. "అయినా మీ శాసనం ముందు కిరీటం ఒరిగితే ఎంత? ఆ శాసనానికి మినహాయింపు ఉందని ఎవరో కూశారు. నేను నమ్మలేదు."

రాజుగారికి రోషం వచ్చింది. "మినహాయింపా? చీపురు పట్టేవాడి నుంచి సింహాసనం ఎక్కేవాడి దాకా అందరికీ ఒకటే నియమం! కోట గుమ్మం మీద చెక్కించండి!"

చెక్కించారు కూడా.

పున్నమినాడు రాజుగారి కొడుక్కి యువరాజుగా పట్టాభిషేకం. ఎవరికైనా అభ్యంతరమా అని ముమ్మారు అడగడం ఆ సభ ఆచారం. ఎవరూ నోరు మెదపకపోవడం అంతకన్నా పాత ఆచారం. మూడోసారి అడిగీ అడగ్గానే సూరప్ప ముందుకొచ్చాడు.

"నాకుంది ప్రభూ! వీరు యువరాజుగా ఐదేళ్ళు ఎక్కడ చేశారు?"

మంత్రి నోటికి దూరదృష్టి అనే మాట కూడా రాలేదు.

"బుద్ధుందా నీకు? పట్టం కట్టకుండా అనుభవం ఎలా వస్తుంది?" అన్నారు రాజుగారు.

"మంత్రిగారిని ఓబులేసు అడిగిందీ అదే ప్రభూ."

"వాడూ వీడూ ఒకటా? వీడు నా కొడుకు! పుట్టినప్పటి నుంచీ నా పక్కనే ఉండి చూస్తున్నాడు!"

"వాడు నాగన్న కొడుకు. పుట్టినప్పటి నుంచీ మీ పల్లకీ వెంట పరిగెడుతున్నాడు."

రాజుగారు గుమ్మం వైపు చూశారు. అక్షరాలు మరీ లోతుగా చెక్కారు. సూరప్ప మీదే విరుచుకుపడ్డారు.

"అంత అడుగుతున్నావే, నా దగ్గర చేరిన రోజున నీకేం అనుభవం ఉందిరా?"

"ఏమీ లేదు ప్రభూ. మొదటి తాంబూలంలోనే సున్నం దట్టించి మీ నాలుక కాల్చాను. మీరు రెండు రోజులు మాట్లాడలేకపోయారు." సూరప్ప చేతులు కట్టుకున్నాడు. "ఆ రెండు రోజులూ ఒక్క శాసనం రాలేదు. రాజ్యం ఎంత హాయిగా ఉందో!"

ముందు రాజుగారి పొట్ట కదిలింది, మీసం కదిలింది, పగలబడి నవ్వారు.

ఆ పూటే గుమ్మం మీది అక్షరాలు చెరిపించారు. ముందు ఓబులేసుకి కొలువు, తర్వాతే కొడుక్కి పట్టం. సాయంత్రం ఊరేగింపులో పల్లకీ ఒరగకుండా సాగింది. ఓబులేసు ఇంటి కప్పు మీద పొగ కనబడింది.

సూరప్పకి బంగారు సున్నపుకాయ బహుమానం. ఇస్తూ ఇస్తూ రాజుగారు దాని మూత ఓసారి గట్టిగా బిగించారు.

"కాయ నీదేరా. సున్నం మాత్రం ఇకనుంచి నేనే రాసుకుంటాను."