నూకరత్నం మూటలో ఎర్ర టోపీ

రండర్రా, రండి. దుప్పటి అందరికీ సరిపోతుంది, కాస్త దగ్గరగా జరగండి. కాళ్ళు లోపల పెట్టుకోండి. ముందు సింహాద్రి అప్పన్నకి ఒక దణ్ణం పెట్టండి, తల మీద కప్పూ, ఒంటి మీద దుప్పటీ ఇచ్చినందుకు. పెట్టారా? సరే, వినండి. మీరు ఊఁ కొట్టడం మర్చిపోతే నేను కథ మర్చిపోతాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఆ చింతపల్లి కొండల్లో, పైడితల్లి అని ఒక అమ్మాయి ఉండేది. అది ఎంత చలి ఊరంటే, పొద్దున్నే బిందెలో చెయ్యి పెడితే ఆ వేళ్ళు మనవో కావో తెలిసేది కాదు. పైడితల్లి ఇంట్లో అందరూ వెదురు బుట్టలు అల్లేవాళ్ళు. వాళ్ళ బుట్టలో ఆవాలు పోసి ఊపినా ఒక్క గింజ జారేది కాదు. అంత బిగువు.

ఒక కార్తీకమాసంలో పైడితల్లి వదినకి కొడుకు పుట్టాడు. నెలలు నిండకుండానే పుట్టేశాడు. ఎంత చిన్నవాడంటే, వాళ్ళ నాన్న రెండు అరిచేతుల్లో పట్టేశాడు.

అప్పుడు నర్సమ్మ వచ్చి చూసింది. "పిల్లాడు గట్టివాడే. తల్లి గుండెకి ఆనించే ఉంచండి. కానీ తల చల్లబడకూడదు. ఊలు టోపీ పెట్టండి. పుష్యమాసం చలి దిగేలోగా పెట్టాలి. చలికి వీడు తట్టుకోలేడు" అని చెప్పి వెళ్ళింది.

ఆ తర్వాత పైడితల్లి అన్న సంతకి వెళ్ళి, ఉన్నవాటిలో చిన్న టోపీ వెతికి తెచ్చాడు. పెట్టి చూస్తే, అందులో బిడ్డ తల కాదు, బిడ్డే పట్టేశాడు.

"టోపీ తెమ్మంటే ఉయ్యాల తెచ్చావేటి?" అంది వదిన. నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లో నీళ్ళున్నాయి. చీరముక్క చుడితే జారిపోతోంది. జారినప్పుడల్లా బిడ్డ చెవులు చల్లబడిపోతున్నాయి.

అప్పుడు పైడితల్లి అంది, "నేనల్లుతాను వదినా."

"నీకొచ్చేటి?"

"రాదు. నేర్చుకుంటాను."

పైడితల్లికో పాత ఎర్ర మఫ్లరు ఉంది. సగం ఎలకలు కొట్టేశాయి. మిగిలిన సగం విప్పితే సరిగ్గా ఒక టోపీకి ఊలు వచ్చింది. వెదురు చీల్చి, నున్నగా గీకి, రెండు సూదులు చేసుకుంది. ఊలుంది, సూదులున్నాయి. నేర్పేవాళ్ళే లేరు.

మొదట బడికి వెళ్ళింది. అక్కడ బీరువాలో ఒక అల్లికల పుస్తకం ఉంది. ఎప్పుడో కుట్టుపని నేర్పే టీచరమ్మ బదిలీ అయి వెళ్తూ వదిలేసింది. పైడితల్లి దాన్ని కళ్ళకద్దుకుని తెరిచింది. బొమ్మలు చూసి, సూది మీద ఊలు ఉచ్చులు ఎలా ఎక్కించాలో తెలుసుకుంది. ఒక్కో ఉచ్చూ ఒక్కో కుట్టు. కానీ ఆ తర్వాతి పేజీలో బొమ్మ కదలదు కదా. ఆ రెండో సూది ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఎంత చూసినా తెలియలేదు.

అప్పుడు వాళ్ళ అన్న ఫోన్ తీసుకుని కొండెక్కింది. సిగ్నల్ దొరికేది ఆ పైన, ఒక్క బండ మీదే. ఫోన్లో వీడియో పెడితే, ఎక్కడో ఏ దేశంలోనో ఒకావిడ కూర్చుని ఊలు అల్లుతోంది. ఆవిడ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. ముందు నుంచి గుచ్చు, ఊలు చుట్టు, ఇవతలికి లాగు, దించు. వందసార్లు వెనక్కి తిప్పి చూసినా ఆ తల్లి విసుక్కోలేదు. మూడు రోజులు ఆ బండ మీద కూర్చుని పైడితల్లి టోపీ అల్లేసింది.

పరిగెత్తుకుంటూ వచ్చి బిడ్డకి పెట్టబోయింది. పట్టలేదు. సాగదీసింది. సాగలేదు. చెక్కలా నిలబడింది ఆ టోపీ.

"నిమ్మకాయకి తొడుగుతావేటి?" అంది వదిన. ఈసారి నవ్వలేదు. మార్గశిరం వచ్చేసింది మరి.

పుస్తకంలో చూస్తే తప్పేమీ లేదు. ఫోన్లో చూస్తే తప్పేమీ లేదు. పుస్తకం పైడితల్లి చేతుల్ని చూడలేదు, ఫోనూ చూడలేదు.

ఆ తర్వాత వచ్చిన సంతకి పైడితల్లి ఆ టోపీ పట్టుకునే వెళ్ళింది. ఊలు మఫ్లరు కనిపించిన ప్రతి మెడనీ చూసుకుంటూ నడిచింది. అల్లం అమ్ముకునే ఒక ముసలామె మెడలో పచ్చ మఫ్లరు ఉంది, అరిటాకు ఈనెల్లా చక్కటి గీతలతో. ఆమె పేరు నూకరత్నం.

"మామ్మా, ఇది మీరల్లిందేనా? నాకు నేర్పుతారా?"

నూకరత్నం ఎర్ర టోపీ అందుకుని, వేలితో కొట్టి చూసింది.

"బుట్టలల్లే ఇంటి పిల్లవా?"

"ఎలా తెలిసింది మామ్మా?"

"ఇందులో ఆవాలు పోసుకోవచ్చే. బుట్టలోంచి గింజ జారకూడదని బిగిస్తారు మీరు. టోపీలో బిడ్డ తల పెరగాలి. వదలాలి." అని, అల్లం గంప పక్కనే చోటు చూపించి, తన సూదులూ చిన్న ఊలు ముక్కా చేతికిచ్చింది. "కూర్చో. అల్లు, చూస్తాను."

పైడితల్లి అల్లింది. నూకరత్నం ఆమె చేతులు చూడటం మానేసి ముఖం చూసింది. "పళ్ళెందుకు కొరుకుతున్నావు? కుట్టు కుట్టుకీ గోవిందా అను. గోవిందా అంటూ ఎవరూ పళ్ళు బిగించలేరు."

ఆ తర్వాత ఇంకో సంగతి చెప్పింది. "మొదటి వరస ఎక్కించేటప్పుడు రెండు సూదులూ జంటగా పట్టుకో. రెండింటి మీదా ఎక్కించు. అప్పుడు ఒకటి లాగెయ్." అలా లాగగానే కుట్లన్నీ హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు వదులయ్యాయి.

అప్పుడు నూకరత్నం గంప కింద నుంచి ఒక గుడ్డమూట తీసి విప్పింది. నిండా పాడైపోయిన అల్లికలు. ఒకటి ఇరవై కుట్లతో మొదలై నలభైకి పోయి విసనకర్రలా విచ్చుకుంది. ఒకదాని నడుమ కుట్టు జారి, కన్నం కింద దాకా దిగింది. ఒక స్వెటర్‌కైతే తల దూర్చడానికి దారే లేదు. తప్పు మొదలైన చోట ఒక్కోదానికీ పసుపు దారం కట్టి ఉంది.

"ఈ తల లేని స్వెటర్ ఎవరిది మామ్మా?"

"నాదే. మా ఆయనకి అల్లాను. పాపం, ఒకరోజంతా లోపలే ఉండి వెతుక్కున్నాడు." అని నవ్వి, "నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ తొలి తప్పులివి. నీదీ విప్పకు. ఇందులో పెట్టు. అదే నాకిచ్చే దక్షిణ" అంది.

పైడితల్లి తల దించుకుంది. "ఇది విప్పకపోతే నా దగ్గర వేరే ఊలు లేదు మామ్మా. పిల్లాడికి చలి."

నూకరత్నం తన మెడలోని పచ్చ మఫ్లరు తీసింది. కొస వెతికి పట్టుకుని, సర్రున లాగి విప్పడం మొదలుపెట్టింది.

"మామ్మా, వద్దు."

"నా మెడ డెబ్బై చలికాలాలు చూసిందే. వాడి తల ఇంకా ఒక్కటీ చూడలేదు. ఉండ చుట్టు."

ఆ పూట అల్లం గంప పక్కనే పచ్చ టోపీ మొదలైంది. గోవిందా, గోవిందా, ఒక కుట్టు. గోవిందా, గోవిందా, ఒక వరస. ఇంటికెళ్ళి రెండు రోజుల్లో పూర్తిచేసి బిడ్డ తలకి పెట్టింది. చెవుల దాకా మెత్తగా దిగి కూర్చుంది టోపీ. వాడు ఒక్కసారి ముఖం చిట్లించి, నిద్రపోయాడు. వదిన వాడి చెవులు ముట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి.

పుష్యమాసం వచ్చింది, గడ్డి మీద తెల్లటి మంచు పరిచింది, వెళ్ళిపోయింది. నర్సమ్మ వచ్చి బిడ్డని తూచి, "ఈ బరువు నాకు చాలు" అని వాడి బుగ్గ గిల్లింది.

అప్పుడు పైడితల్లి మూడు దణ్ణాలు చెల్లించింది. పుస్తకానికి కొత్త అట్ట వేసి బీరువాలో పెట్టింది. కొండ మీది బండ ఎక్కి, ఫోన్లో ఆ దేశంకాని దేశపావిడకి చేతులు జోడించిన బొమ్మ పంపింది. మూడోది మాత్రం పెద్ద దణ్ణం. ఎర్ర మఫ్లరులో ఎలకలు కొట్టేసిన సగంలోంచి ఏరిన చిన్న ముక్కలు, సంతలో ఏరిన రంగురంగుల కొసలు కలిపి, ఒక మఫ్లరు అల్లి నూకరత్నం మెడలో వేసింది. వదులుగా, మెత్తగా.

"ఇది నేనల్లినట్టే ఉందే" అంది నూకరత్నం.

మరుసటేడు ఇంకో ఊరి నుంచి తట్టలల్లే ఇంటి పిల్ల ఒకతి వచ్చింది, బిగుసుకుపోయిన మేజోడు పట్టుకుని. నూకరత్నం మూట విప్పి, పసుపు దారం కట్టిన ఎర్ర టోపీ ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల నొక్కి చూసి, "అయ్యో, ఇదీ నాలాగే" అంది. పైడితల్లికి తెలియడానికి పదిహేను రోజులు పట్టిన తప్పు, ఆ పిల్లకి ఒక్క చూపులో తెలిసిపోయింది.

కళ్ళు మూసుకునే ముందు ఒక్క పని గుర్తుపెట్టుకోండి నాన్నలూ. మీకేదైనా పని వచ్చాక, రానప్పుడు చేసిన తొలి తప్పుని పారేయకండి. దానికో పసుపు దారం కట్టి, మీ వెనక వచ్చేవాళ్ళకి నవ్వుతూ చూపించండి. రేపే ఒకరికి చూపించండి.

పచ్చ టోపీ బిడ్డకి, ఎర్ర టోపీ మూటకి,
కుట్టుకో గోవిందా మన అప్పన్న కొండకి.
కథేమో కంచికి దారి పట్టింది,
మన ఇంట్లో కళ్ళన్నిటికీ నిద్ర పట్టింది.