అమ్మవారి బొమ్మకు మోచెయ్యి కట్టిన హంసాబాయి

అనగనగా ఒక ఊరుండేదట బంగారూ, మా అమ్మ చెప్పేది. ఆ ఊళ్ళో తోలుబొమ్మలాడించే గోవిందోజీ, ఆయన కూతురు హంసాబాయి ఉండేవాళ్ళు.

ఏటా తొలకరికి ముందు వాళ్ళు తెర కట్టి ఆట ఆడేవాళ్ళు. చివర్న అమ్మవారి బొమ్మ, మడిచిన చెయ్యి చాచి ఊరిని దీవించేది. ఆ దీవెన అయ్యాకే రైతులు విత్తనం వేసేవాళ్ళు.

ఆ ఏడు సరిగ్గా ఆటరోజే బొమ్మ మోచేతి ముడి తెగింది. గోవిందోజీకి చూపు ఆనదు. "నువ్వే కట్టు తల్లీ" అన్నాడు.

అప్పుడు హంసాబాయి ముడి బిగించి కట్టింది. చెయ్యి రోకలిలా బిగుసుకుపోయింది. మేనత్త తానూబాయి చూసి, "దీవించడానికి కాదే, కొట్టడానికొస్తున్నట్టుంది!" అంది.

ఆ తర్వాత ముడి వదులు చేసింది. చెయ్యి గిర్రున వెనక్కి తిరిగిపోయింది. "అయ్యో, అమ్మవారు వీపు గోక్కుంటోందే!" అంది మేనత్త. బయట రైతులు విత్తనాల మూటలతో అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. హంసాబాయికి ఏడుపొచ్చింది.

అప్పుడు కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి మడిచింది. చాపింది. ఆగిపోయింది.

"నాన్నా, మరి నా చెయ్యి వెనక్కెందుకు పోదూ?"

తన మోచెయ్యి తనే తడిమి చూసుకుంది. నువ్వూ తడుముకో. వెనకాల మొనలా ఎముక తగిలిందా? అది భుజం నుంచి దిగే ఎముకను కొక్కెంలా పట్టుకునుంటుంది. చెయ్యి చాపగానే ఆ ఎముక వెనకున్న గుంటలో కూర్చుని, ఇక చాలంటుంది. రెండు పక్కలా గట్టి పట్టీలుంటాయి, అవి పక్కకి ఒరగనివ్వవు. ముంజేతిలో ఇంకో ఎముకేమో తిరుగుతూ అరచేతిని బోర్లిస్తుంది, వెల్లకిల తిప్పుతుంది. చేసిన స్వామి ఎంత పనివాడో చూడు!

ఆ తర్వాత హంసాబాయి తోలుముక్కను కొక్కెంలా కోసి బొమ్మ మోచేతి వెనక కుట్టింది. ముడికి అటొక బిళ్ళ, ఇటొక బిళ్ళ వేసి పట్టు ఇచ్చింది.

దీపాల వేళకి మద్దెల మోగింది. అమ్మవారు తెర మీదికొచ్చింది. ఇంతలో ఈదురుగాలి! తెర ఊగింది, దీపం రెపరెపలాడింది. బొమ్మ చెయ్యి మాత్రం మెల్లగా మడత విప్పుకుంది, చాచుకుంది, నిలిచింది. వెనక్కి పోలేదు. పక్కకి ఒరగలేదు.

ఊరంతా లేచి, "అమ్మా!" అని చేతులెత్తి మొక్కింది. మద్దెలను మించి వినిపించింది మేనత్త గొంతు. "మా పిల్లే కట్టింది! మా హంసే!"

తెల్లారేసరికి అరకలన్నీ పొలాల్లో ఉన్నాయి.

మడిచితే ముద్ద నోటికి,
చాచితే సాయం తోటికి,
కథేమో సాగింది కంచికి,
మనమిద్దరం మంచానికి!